అనధికారంగా కోలుకున్న చెయ్యి

చుట్టుపక్కల విశ్వవిద్యాలయాలన్నీ ఏదో ఒక కొత్త డాక్టరేటు పెట్టేసుకున్నాయి, మనకి మాత్రం ఏమీ లేదు అన్న సంగతి తీర ఆరోగ్య విశ్వవిద్యాలయం పాలకమండలికి ఒకనాటి సమావేశంలో రెండో విడత టీ తాగుతుండగా తట్టింది. గుండె వైపు చూస్తే అక్కడందరూ అప్పటికే డాక్టర్లు. కంటి వైపు చూసినా అంతే. మిగిలింది ఫిజియోథెరపీ ఒక్కటే. పడిపోయిన చేతుల్ని, బిగుసుకుపోయిన మోకాళ్లని వంచి, సాగదీసి, మళ్లీ మనిషిని పనిలోకి పంపే విభాగం అది. నాలుగేళ్ల డిగ్రీ చదివినవాళ్లు అక్కడ పనిచేసేవారు. రోగులు మంచం మీద వచ్చి కాళ్ల మీద వెళ్లిపోయేవారు. ఇంత వ్యవహారంలో ఎక్కడా డాక్టరేటు అవసరం పడకపోవడం పాలకమండలికి పెద్ద లోపంగా కనిపించింది.

ఆ లోపాన్ని సరిదిద్దడానికి డాక్టర్ సర్వోత్తమరావు గారిని తెచ్చి ‘డాక్టరేటు మార్గాల సంచాలకులు’గా కూర్చోబెట్టారు. ఆయన డాక్టరేటు విద్యా పాలనలో. జన్మలో ఒక్క రోగి చెయ్యి కూడా పట్టుకుని ఎరగరు. అందువల్ల ఆయనకి ఏ చికిత్సా పద్ధతి మీదా పక్షపాతం ఉండదని నియామక పత్రంలోనే మెచ్చుకున్నారు.

సర్వోత్తమరావు గారు వచ్చిన వారంలోనే అసలు చిక్కు ఎక్కడుందో పట్టేశారు. డిగ్రీవాళ్లు రోగి చెయ్యి పట్టుకుని వంచుతారు. రేపు డాక్టరేటు వాళ్లు వచ్చినా అదే చెయ్యి పట్టుకుని అలాగే వంచుతారు. మరి డాక్టరేటుకి గౌరవం ఏం మిగిలినట్టు? దీని మీద ఆయన గదిలో తలుపు వేసుకుని ఆలోచించి, బయటికి వచ్చి ఒక ఉత్తర్వు ఇచ్చారు. రోగిని తాకడం అనేది డాక్టరేటు స్థాయి సామర్థ్యం. డిగ్రీ విద్యార్థులు ఇకమీదట పరిశీలన మాత్రమే చేయవలెను.

ఉత్తర్వు చదివిన ఒక అమాయక అధ్యాపకుడు లేచి, అయ్యా, డాక్టరేటు పొందినవాళ్లు మన దగ్గర ఇంకా ఒక్కరూ లేరే, ఈలోగా వార్డులో రోగుల్ని ఎవరు ముట్టుకుంటారు అని అడిగాడు. ఉన్నత ప్రమాణాలకు సమయం పడుతుందని సంచాలకులు జవాబిచ్చారు. అధ్యాపకుణ్ని మర్నాటి నుంచి గ్రంథాలయానికి మార్చారు.

ఆ తర్వాత డాక్టరేటుకి చేరే మార్గాలు వెలిశాయి. మొదటిది నేరు మార్గం. పుట్టి బుద్ధెరిగి ఏ రోగినీ తాకని విద్యార్థులది. వీళ్ల చేతులు స్వచ్ఛమైనవి గనక సీట్లలో వీళ్లకే ప్రాధాన్యం. రెండోది మలుపు మార్గం. ఉత్తర్వు రాకముందు తెలియక ఎవరి భుజమో, ఎవరి మడమో పట్టుకున్నవాళ్లు దీని కింద ఏడాది పాటు చేతులు కట్టుకుని తిరగాలి. మూడోది వంతెన మార్గం. ఏళ్ల తరబడి ప్రాక్టీసు చేసి, వేలమందిని నడిపించి, పూర్తిగా పాడైపోయినవాళ్లది. వీళ్లు ముందుగా తమకు వచ్చిందంతా మరిచిపోవాలి. అందుకోసం ఒక విస్మరణ కోర్సు పెట్టారు.

నేరు మార్గంలో అందరికన్నా ముందున్న అమ్మాయి పేరు నూకరత్నం.

వాళ్ల నాన్న మంచినీళ్ల ట్యాంకరు నడుపుతాడు. వాళ్లమ్మ బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. ఆ ఇంట్లో ఇంటర్మీడియెట్ దాటిన మొదటి మనిషి నూకరత్నమే. చదువుకున్న ఇళ్లల్లో అయితే ఏ రూలు నిజంగా పాటించాలో, ఏ రూలు పాటించినట్టు కనిపిస్తే చాలో చెప్పేవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు. అలాంటి మనిషి లేని ఇంట్లో పుట్టిన పిల్లకి అన్ని రూళ్లూ పాటించడమే క్షేమం. చేతులు వెనక్కి పెట్టుకోమంటే పెట్టుకుంది. మంచానికి ఇంత దూరంలో గీసిన పసుపుపచ్చ గీత దాటొద్దంటే దాటలేదు. చూసింది చూసినట్టు పరిశీలన పత్రంలో రాయమంటే గుండ్రటి అక్షరాలతో రాసింది. చివరి సంవత్సరం ముగిసేసరికి ఆమె చేతులంత స్వచ్ఛమైన చేతులు ఆ విశ్వవిద్యాలయంలో లేవని సంచాలకులే సభలో చెప్పారు. కొత్త డాక్టరేటులో మొట్టమొదటి సీటు ఆమెదే. గుర్తింపు మండలి వారు తనిఖీకి వచ్చి ఒక్క ముద్ర వేస్తే చాలు. వీధిలో అప్పుడే అందరూ డాక్టరమ్మా అని పిలవడం మొదలుపెట్టారు. వాళ్ల నాన్న ట్యాంకరు వెనకాల ఆ మాట రాయిద్దామనుకుని, ముద్ర పడేదాకా ఆగుదామని ఆగాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే వార్డులోకి అప్పలనరసమ్మ వచ్చింది.

ఆమె జీడిపప్పు షెడ్డులో పిక్కలు కొట్టే మనిషి. ఒక పొద్దున్న పనిలో ఉండగానే పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. నోరు మాత్రం ఏమీ పడలేదు. వెనకా ముందూ ఎవరూ లేరు. షెడ్డులో పనిచేసే ఆడవాళ్లు ఇద్దరు ఆటోలో పెద్దాసుపత్రికి తెచ్చి మంచం మీద దింపి, పని పోతుందని మళ్లీ వెళ్లిపోయారు. పెద్దాసుపత్రి డాక్టర్లు ప్రాణానికి భయం లేదని తేల్చి, చెయ్యి సంగతి ఫిజియోథెరపీ వాళ్లు చూసుకుంటారని రాసి పంపారు.

ఫిజియోథెరపీ వాళ్లు చూసుకున్నారు. పొద్దున్నే తెల్లకోట్లు వేసుకున్న విద్యార్థులు మంచం చుట్టూ గీత అవతల నిలబడి, అట్టలు పట్టుకుని, ఆమె చెయ్యి వంక చూశారు. మధ్యాహ్నం ఇంకో జట్టు వచ్చి చూసింది. సాయంత్రం మరో జట్టు. అప్పలనరసమ్మ మొదటిరోజు ఓర్చుకుంది. రెండో రోజు మాత్రం పక్క మంచం వైపు తిరిగి, అందరికీ వినపడేటట్టు అడిగింది.

“ఏటి బావూ, ఈలందరూ నాకేటైనా సమ్మందం సూసినారేటి? ఇలాగ సూసి సూసి ఎలిపోతన్నారు. పిల్ల నచ్చిందో లేదో ఒక్కుడూ సెప్పడు.”

పక్క మంచం మీదున్నవాడు పైడిరాజు. ఇళ్లల్లో టైల్స్ వేస్తాడు. మోకాలు విరిగి, కట్టు కట్టి విప్పాక కాలు కర్రలా బిగుసుకుపోయింది. మోకాలు వంగి గొంతుక్కూర్చోలేని మనిషి టైల్స్ ఎలా వేస్తాడు? అతను వచ్చి చాలా రోజులైంది. ఆ ఊరి రివాజులు తెలిసినవాడిలా నింపాదిగా జవాబు చెప్పాడు.

“నన్ను సూసి ఎంతమంది పాసైపోనారో నీకు తెల్దు పిన్నీ. నా కాలు మీద మార్కులు దండిగా వస్తయ్యంట.”

వార్డులో విద్యార్థులు నవ్వకూడదన్న ఉత్తర్వు లేదు గనక కొందరు నవ్వారు. నూకరత్నం నవ్వలేదు. ఆమె అప్పలనరసమ్మ వేళ్ల వంక చూస్తోంది. వేళ్లు లోపలికి ముడుచుకోవడం మొదలైంది. పుస్తకాల్లో ఉన్నదంతా ఆమెకి కంఠతా వచ్చు. పక్షవాతం వచ్చిన తొలివారాల్లో కీళ్లని కదిలిస్తూ, మనిషి చేత ప్రయత్నం చేయిస్తూ ఉంటే చెయ్యి తిరిగి రావచ్చు. వదిలేస్తే భుజం బిగుసుకుంటుంది, మోచెయ్యి ముడుచుకుంటుంది, పిడికిలి మూసుకుంటుంది. ఆ తర్వాత డాక్టరేటు కాదు గదా దేవుడే వచ్చి వంచినా వంగదు. పిక్క కొట్టడానికి రెండు చేతులూ కావాలి. ఒక చేత్తో మర పిడి నొక్కాలి, రెండో చేత్తో పిక్క తిప్పాలి. అంటే అప్పలనరసమ్మ కూడు ఆ ముడుచుకుంటున్న వేళ్ల మీద ఉంది.

వేళ్లు ముడుచుకుంటున్నాయని నూకరత్నం పరిశీలన పత్రంలో రాసింది. చక్కగా గమనించారని పక్కన ఎర్ర సిరాతో మెచ్చుకోలు వచ్చింది. మర్నాడు భుజం కూడా బిగుస్తోందని రాసింది. ఇంకా మంచి మెచ్చుకోలు వచ్చింది.

వంతెన మార్గంలో ఎవరైనా దాటి వస్తే ఆ చెయ్యి బాగుపడుతుందేమోనని ఆమెకి ఒక ఆశ. సన్యాసిరావు మాస్టారు ఆ వారమే విస్మరణ పరీక్ష రాస్తున్నారు. ఆయన పాతికేళ్లు ఆ వార్డులోనే పనిచేసిన మనిషి. మరిచిపోయినట్టు ధ్రువపత్రం తెచ్చుకుంటే డాక్టరేటులో చేర్చుకుంటారు, శిక్షణ పేరుతో రోగిని ముట్టుకోనిస్తారు. రాత పరీక్షలో భుజం ఎలా ఎత్తించాలి అన్న ప్రశ్నకి ఆయన తెలియదు అని రాశారు. మోకాలు ఎలా వంచాలి అంటే, మోకాలు అనగానేమి అని ఎదురు రాశారు. అన్నిటికీ పూర్తి మార్కులు వచ్చాయి. ఇక ప్రాక్టికల్ మిగిలింది. అభ్యర్థి నిలబడి ఉండగా పరీక్షాధికారి ఎదురుగా నడుస్తూ వచ్చి, కాలు తడబడి పడిపోతున్నట్టు నటిస్తారు. సన్యాసిరావు మాస్టారు పాపం గుండె రాయి చేసుకునే నిలబడ్డారు. కానీ ఆ అధికారి నటన మరీ సహజంగా ఉండటంతో చేతులు వాటంతటవే వెళ్లి ఆయన్ని చంకల కింద ఒడిసిపట్టుకున్నాయి. ఫెయిలు. చేతుల్లో ఇంకా అనుభవం మిగిలి ఉందని రాసి, మళ్లీ మొదటి సెమిస్టరు నుంచి మరిచిపోమన్నారు. మాస్టారి తర్వాత వచ్చిన అభ్యర్థి అధికారిని కింద పడనిచ్చాడు. అతనికి ప్రథమ శ్రేణి ఇచ్చారు, అధికారికి కట్టు కట్టారు.

ఆ ఆశ పోయాక నూకరత్నం తిన్నగా సంచాలకుల గదికి వెళ్లింది. ఆమె ఎప్పుడూ ఆ గదిలోకి పిలవకుండా వెళ్లలేదు. చెప్పవలసింది ఇంటి దగ్గరే రెండుసార్లు అనుకుని మరీ వెళ్లింది. రోగి చెయ్యి బిగుసుకుపోతోందనీ, ఇప్పుడు కదిలించకపోతే ఇక రాదనీ, తనకు కాకపోయినా ఎవరో ఒకరికి అనుమతి ఇవ్వమనీ అడిగింది. సర్వోత్తమరావు గారు ఓపిగ్గా విన్నారు. వినడానికి ఆయన పెట్టింది పేరు.

“చూడమ్మా నూకరత్నం,” అన్నారు. “రోగి చెయ్యి తాత్కాలికం. కార్యక్రమం శాశ్వతం. ఒక తాత్కాలిక అవయవం నిమిత్తం శాశ్వత విధానాన్ని సడలించలేం. పైగా ఒక చెయ్యి పూర్తిగా బిగుసుకుపోయే ప్రక్రియని ఆది నుంచి అంతం దాకా చూసే భాగ్యం ఎంతమంది విద్యార్థులకి దక్కుతుంది?”

రోగి బంధువులెవరైనా కదిలించవచ్చా అని నూకరత్నం అడిగింది. బంధువుల స్పర్శ భావోద్వేగ సంబంధమైనది గనక నిషేధం లేదని ఆయన పుస్తకం తీసి చదివారు. అయితే దానివల్ల ప్రయోజనం కలిగినట్లు తేలితే మాత్రం అభ్యంతరం తెలపవలసి ఉంటుంది. ఎటూ అప్పలనరసమ్మకి బంధువులు లేరు కాబట్టి ఆ నిబంధన పనికిరాలేదు.

వెళ్లబోతున్న పిల్లని ఆపి, తనిఖీ దగ్గరపడిందనీ, మొదటి సీటు విషయంలో విశ్వవిద్యాలయం ఆమె మీద ఎంతో నమ్మకం పెట్టుకుందనీ ఆయన గుర్తుచేశారు.

మధ్యాహ్నం భోజనాల వేళ వార్డులో పరిశీలన ఉండదు. ఒక జట్టు క్యాంటీనుకి వెళ్తుంది, ఇంకో జట్టు ఇంకా రాదు. ఆ ఖాళీలో నూకరత్నం అట్ట పట్టుకుని మంచం దగ్గరికి వచ్చింది. గీత దగ్గర కాసేపు నిలబడింది. తర్వాత దాటింది. చిన్నప్పుడు మొదటిసారి రోడ్డు దాటినంత భయం వేసింది ఆ పిల్లకి.

అప్పలనరసమ్మ కళ్లు తెరిచి చూసింది. “అమ్మీ, గీత దాటీసినావు. నీకేటి తోచింది?”

“చెయ్యి ఇలా ఇయ్యండి పిన్నిగారూ. నొప్పెడితే చెప్పండి.”

“సెప్తే ఆపీస్తావేటి?”

“ఆపను. నెమ్మదిగా చేస్తాను.”

నూకరత్నం దుప్పటి కిందే ఆ చెయ్యి పట్టుకుంది. నాలుగేళ్లు చదివిన చదువులో ఆమె ముట్టుకున్న మొదటి రోగి చెయ్యి అదే. పుస్తకంలో బొమ్మకి బరువుండదు. ఈ చెయ్యి బరువుగా ఉంది, చల్లగా ఉంది, అరచేతిలో జీడి రసం తినేసిన నల్లటి మచ్చలు ఉన్నాయి. భుజం లాగకుండా ఆసరా ఇచ్చి, మోచెయ్యి సాగదీసి, వేళ్లు ఒక్కొక్కటే విప్పింది. మీరూ ప్రయత్నించండి, రాకపోయినా వచ్చిందనుకుని పైకెత్తండి అని చెప్పింది. అప్పలనరసమ్మ పళ్లు బిగించి, కళ్లమ్మట నీళ్లు కారుతుంటే, నోటికొచ్చినట్టు పక్షవాతాన్ని తిట్టింది. పైడిరాజు తన మంచం మీంచి తలుపు వైపు కాపలా కాశాడు. ఎవరైనా వస్తుంటే దగ్గేవాడు. ఆ దగ్గు మీద కూడా ఎవరో పరిశీలన రాసుకుని వెళ్లారు.

రోజూ ఇదే. సాయంత్రం పరిశీలన పత్రంలో మార్పు లేదు అని రాయవలసి వచ్చేది. అబద్ధం రాయడం ఆమెకి కొత్త. అక్షరాలు గుండ్రంగా రాలేదు.

కొన్నాళ్లకి చూపుడువేలు కదిలింది. ఆపైన బొటనవేలు. తర్వాత చెయ్యి మంచం మీంచి జానెడు లేచింది. లేచిందని సంతోషించేలోపే, వేరే జట్టులో పిల్లవాడొకడు అది చూసి, నిజాయితీపరుడు గనక, పత్రంలో రాసేశాడు. రోగి చేతిలో కదలిక కనిపించింది.

సంచాలకుల కార్యాలయం అట్టుడికిపోయింది. అత్యవసర సమావేశం పెట్టారు. చికిత్స చేయగలవారు ఎవరూ లేని చోట రోగి కోలుకోవడం ఎలా సాధ్యం? పైగా ఆమె చెయ్యి బిగుసుకుపోవడాన్ని రెండు సెమిస్టర్ల పాఠ్యాంశంగా నిర్ణయించి ఉన్నారు. ఆమె మధ్యలో కోలుకుంటే పిల్లల పరిశీలన గంటలు ఏం కావాలి? దీనిని అనధికార కోలుకోవడంగా పరిగణించాలని తీర్మానించి, రోగులందరికీ ఒక విజ్ఞప్తి తెలుగులో అచ్చువేయించి మంచాలకి కట్టారు. రోగులు సెమిస్టరు మధ్యలో కోలుకోరాదు. కోలుకోదలచినవారు ముందుగా కార్యాలయమునకు తెలియజేయవలెను.

పైడిరాజు దాన్ని చదివించుకుని విని, నా తరపున నిశ్చింతగా ఉండమను అని కబురు పంపాడు.

అప్పలనరసమ్మకి మాత్రం నూకరత్నం భయం భయంగా చెప్పి పెట్టింది. తనిఖీవాళ్లు వెళ్లేదాకా చెయ్యి కదపొద్దు, పక్కనే పడేసి ఉంచండి అని. నీ సీటు పోద్దనా అని ఆమె అడిగింది. నూకరత్నం తలూపింది. అయితే ఆ ఒక్క పూట నా సెయ్యి సచ్చిపోనాదనుకో అని అప్పలనరసమ్మ మాటిచ్చింది.

తనిఖీ రోజు వార్డు ఫినాయిలు వాసనతో మెరిసిపోయింది. గీతలకి కొత్త రంగు వేశారు. విద్యార్థులు చేతులు వెనక్కి పెట్టుకుని వరసగా నిలబడ్డారు. గుర్తింపు మండలి అధ్యక్షులవారు పెద్ద వయసు మనిషి, మర్యాదస్తులు. సర్వోత్తమరావు గారు వెంట నడుస్తూ ఈ ప్రాంతంలోనే ఏ రోగినీ తాకని ఏకైక వార్డు ఇదని వివరిస్తున్నారు. అధ్యక్షులవారు ఒక్కో మంచం దగ్గర ఆగి తలపంకిస్తూ వచ్చి, అప్పలనరసమ్మ మంచం ముందు ఆగి, పెద్దామె కదా అని రెండు చేతులూ జోడించారు.

“నమస్కారమమ్మా.”

అంత పెద్దమనిషి చేతులు జోడిస్తే, జన్మంతా ఎదుటివాళ్లకి దండం పెట్టి బతికిన మనిషి ఊరుకోగలదా? ఆమె చేతులు ఆమెని అడగలేదు. రెండూ లేచాయి. ఎడమది కాస్త వంకరగా, కాస్త ఆలస్యంగా, కానీ కుడిదాన్ని చేరుకుని అతుక్కుంది.

నూకరత్నం కళ్లు గీత మీదికి దించుకుంది.

“ఈ చెయ్యి పడిపోయిందన్నారు,” అన్నారు అధ్యక్షులవారు.

సర్వోత్తమరావు గారు తెల్లబోయి, ఎవరు తాకారు నిన్ను అని రోగిని నిలదీశారు. అప్పలనరసమ్మ చేతులు దించి, ఒక్కసారి నూకరత్నం వంక చూసి, సంచాలకుల వైపు తిరిగింది.

“నన్ను ఎవులు ముట్టుకుంటారు బావూ? ఒక్కుడు ముట్టలేదు. సూసినారంతే. పొద్దూ మాపూ సూసినారు. ఈ గుంట ఉన్నాది సూడు, ఈ అమ్మి మరీ సూసింది. సూడగా సూడగా ఇలాగ వొచ్చీసింది.”

పిల్ల సీటు కాపాడటానికి ఆమె చెప్పిన అబద్ధం అది. ఏ తల్లయినా అదే చెప్పేది. కానీ దాన్ని విని నమ్మేవాళ్లు ఉంటారని ఆమె అనుకోలేదు. అధ్యక్షులవారి ముఖం వెలిగిపోయింది. కేవలం పరిశీలన చేతనే కోలుకుందా అని అడిగారు. సర్వోత్తమరావు గారు అర నిమిషం తడుముకున్నారు, ఆపైన తడుముకోలేదు. అవునండీ, మా విశ్వవిద్యాలయం కనిపెట్టిన అవలోకన చికిత్స ఇదే, సమయం చూసి తమరికి విన్నవిద్దామని దాచి ఉంచాం అన్నారు.

ఆ తర్వాత అంతా చకచకా జరిగిపోయింది. అక్కడికక్కడే కుర్చీలు వేసి సమావేశం పెట్టారు. చూపుతోనే చెయ్యి వస్తున్నప్పుడు తాకడం ఎందుకన్న ప్రశ్న వచ్చింది. డాక్టరేటు వాళ్లు కూడా ఇకమీదట తాకనక్కర్లేదని తేలింది. చూపులో స్థాయిలు పెడదామన్నారు. డిగ్రీ వాళ్లది సాధారణ చూపు, డాక్టరేటు వాళ్లది నిశిత చూపు. వ్యాయామాల గది తీసేసి అక్కడ గ్యాలరీ కట్టడానికి ఆమోదం లభించింది. నూకరత్నాన్ని ముందుకు పిలిచి, మొదటి సీటే కాదు, అవలోకన చికిత్సకి ఆద్యురాలిగా పట్టాలో పేరు కూడా వేస్తామన్నారు. ఆమె చేయవలసింది ఒక్కటే. తాను చూడటం తప్ప మరేమీ చేయలేదని ఒక సంతకం.

కలం చేతికిచ్చారు. ఆమె సంతకం పెట్టేలోగా, ఉత్సాహం ఆపుకోలేక అధ్యక్షులవారు తదుపరి రోగి ఎవరని అడిగారు. సర్వోత్తమరావు గారు పైడిరాజుని చూపించారు. విద్యార్థులందరూ బిలబిలమంటూ వెళ్లి అతని మంచం చుట్టూ చేరి, బిగుసుకుపోయిన ఆ మోకాలి వంక నిశితంగా చూడటం మొదలుపెట్టారు.

పైడిరాజు అన్ని ముఖాల మధ్య నుంచి నూకరత్నాన్ని వెతుక్కున్నాడు. అతనికి తెలుసు. వార్డులో ఆ సంగతి తెలిసినవాళ్లు ముగ్గురే, అందులో అతనొకడు. అడగలేదు. అడిగితే బాగుండేది.

నూకరత్నం కలం బల్ల మీద పెట్టేసింది.

“నేను పట్టుకున్నాను సార్. ఆవిడ చెయ్యి రోజూ మధ్యాహ్నం నేను కదిలించాను. చూస్తే రాలేదు.”

అప్పలనరసమ్మ తల కొట్టుకుంది. సర్వోత్తమరావు గారు మాత్రం కంగారుపడలేదు. చిరునవ్వు నవ్వారు. “అది సాధ్యం కాదమ్మా. ఇక్కడ తాకడం నిషేధం. నిషేధించినది జరిగే ఆస్కారం లేదు. నువ్వు ఆనందంలో ఉన్నావు, సంతకం పెట్టు.”

ఆమె వెళ్లి విద్యార్థుల్ని పక్కకి తప్పుకోమంది. గీత దాటింది. మంచం అంచున కూర్చుని, పైడిరాజు మడమ ఒక చేత్తో, మోకాలు ఒక చేత్తో పట్టుకుని, నెమ్మదిగా వంచడం మొదలుపెట్టింది.

సర్వోత్తమరావు గారి నోట ఉత్తర్వు లేకుండా వచ్చిన మొదటి మాట అప్పుడే వచ్చింది.

“చూడకండి.”

విద్యార్థులకి అర్థం కాలేదు. నాలుగేళ్లుగా చూడమని తప్ప మరో మాట వినని పిల్లలు వాళ్లు.

“చూస్తే పత్రంలో రాయాల్సి వస్తుంది. రాస్తే జరిగినట్టు అవుతుంది. అందరూ గోడ వైపు తిరగండి.”

తిరిగారు. వరసగా, చేతులు వెనక్కి పెట్టుకుని, ముక్కులు గోడకి ఆనేంత దగ్గరగా తిరిగారు. అధ్యక్షులవారు మర్యాదస్తులు గనక ఆయనా కిటికీ వైపు తిరిగి బయట కొబ్బరిచెట్లని చూశారు. గుర్తింపు మండలి మిగతా సభ్యులు కాగితాల్లోకి తలలు దించారు. వాళ్ల వెనకాల మోకాలు ఒక్కో పిసరే వంగింది. పైడిరాజు అమ్మో అన్నాడు, ఓరినాయనో అన్నాడు. మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకుని, “ఆపకు సెల్లీ, వొంగుతున్నాది,” అన్నాడు. గోడ వైపున్న వాళ్లలో ఒక్కరూ వెనక్కి తిరగలేదు.

మంచి మోకాలు వంగే దాంట్లో సగం మేరకు ఆ మోకాలు వంగాక, నూకరత్నం లేచి కోటు విప్పి మడతపెట్టి, కుర్చీ మీద ఉంచి వెళ్లిపోయింది. ఆమె వెళ్లిందని గోడ వైపున్నవాళ్లకి ఎవరూ చెప్పలేదు. చాలాసేపు అలాగే నిలబడ్డారు.

మొదటి సీటు ఆమెకి రాలేదు. చేతులు కలుషితమైనందువల్ల ఏ మార్గంలోనూ అర్హురాలు కాదని రాసి పంపారు. ఆ కాగితం చూసి వాళ్ల నాన్న దాన్ని జేబులో పెట్టుకుని రెండు రోజులు ట్యాంకరు నడిపాడు. మూడోరోజు ట్యాంకరు వీధి చివర ఆపి, ఇంటి ముందు గదిలో ఉన్న గోనెలూ పాత సామానూ తనే బయటికి మోసి, గోడలకి సున్నం వేశాడు. డిగ్రీ ఉంది గనక దాని మీదే ఆమె బల్ల ఒకటి వేసుకుని పని మొదలుపెట్టింది. అప్పలనరసమ్మ షెడ్డు నుంచి ఆదివారాల్లో వచ్చి చేతికి వ్యాయామం చేయించుకుని, నాకోసం సీటు పోగొట్టుకున్నావని ప్రతిసారీ తిట్టి వెళ్తుంది. పైడిరాజు వార్డు నుంచి పేరు కొట్టించుకుని వచ్చేశాడు. ఇంకా గొంతుక్కూర్చోవడం రాలేదు గానీ, పీట మీద కూర్చుని గచ్చు మీద టైల్స్ వేయగలుగుతున్నాడు.

విశ్వవిద్యాలయానికి డాక్టరేటు మంజూరైంది. తనిఖీ నివేదికలో ఆ రోజు వార్డులో ఏ అవాంఛనీయ సంఘటనా జరగలేదనీ, జరగకపోవడాన్ని హాజరైన వారందరూ ఆద్యంతం శ్రద్ధగా గమనించారనీ రాశారు. గోడ వైపు తిరిగి నిలబడినంతసేపూ విద్యార్థుల పరిశీలన గంటల్లో జమ అయింది.